కంప దాటిన ఒంటె

రామన్నపేట చుట్టుపక్కల గొర్లు కాసే ఐలేశం చదరంగం నేర్చుకున్నది యాభై ఏళ్లు దాటాక. కాలు విరిగి దవాఖానలో ఉన్న నెల రోజుల్లో పక్కమంచం ఇస్రాయేలు నేర్పాడు. ఐలేశం గొప్ప ఆటగాడేమీ కాదు; ఓడిన ఆటను మరచిపోలేకపోవడం ఒక్కటే ఆయనలో చెప్పుకోదగ్గ విషయం.

రాష్ట్ర అవతరణ దినానికి అక్కడి యువజన సంఘం ఏటా పోటీ పెడుతుంది. ఫైనల్లో రెండు ఆటలు. తెల్లపావులతో ఎట్లాగో నెట్టుకొచ్చినా, నల్లపావులతో లెక్కల సారు హనుమంతు చేతిలో వరుసగా మూడేళ్లు ఓడాడు. మూడుసార్లూ ఒకే తీరు. సారు మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడిపేవాడు, ఐలేశమూ అంతే. సారు పక్కబంటును తెచ్చి ఆ నల్లబంటు మీదికి ఉసిగొల్పితే, దానికి ఆసరాగా ఐలేశం తన రాజు ముందున్న బంటును ఒక గడి జరిపేవాడు. గోడ గట్టిదే. కానీ మంత్రి పక్కనుండే, ఐమూలగా నడిచే ఒంటె ఆ గోడ వెనక ఆట ముగిసేదాకా కదల్లేక నిలిచిపోయేది. ఓటమి అక్కడే మొదలవుతోందని ఆయనకు అంతుపట్టలేదు.

నాలుగో ఏడు పోటీకి వారం ముందు ఒక రైతు చెలకలో ఎరువు కోసం మంద పెట్టారు. పొద్దుగూకే వేళ ఐలేశం గొర్లను ఒకచోటికి తోలి, చుట్టూ ముళ్లకంప వేసి, ఆట గురించే ఆలోచిస్తూ దారి కూడా మూసేశాడు. కుక్క లోపలే ఉండిపోయింది. అది మొరుగుతూ తిరుగుతుంటే గొర్లు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. భార్య పుష్ప వచ్చి చూసింది.

“కుక్కను లోపట పెట్టి కంప మూసినవా? నక్కొస్తే లోపట్నుంచి మొరిగి ఏం జేస్తది? ముందుగాల దాన్ని బయటికి తోలి, అటెన్క మూయాలె. గింత తెల్వదా?”

ఐలేశం నవ్వాడు. ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

మరునాడు గొర్ల మధ్య కూర్చుని బోర్డు పరిచాడు. ఆసరాకు రాజు బంటే కావాలని లేదు. ఒంటె ముందున్న బంటును ఒక గడి జరిపినా చాలు, ఒంటె దారి తెరిచే ఉంటుంది. దాన్ని ముందు బయటికి పంపి, ఆ తర్వాత రాజు బంటుతో మూయాలి. దీన్ని స్లావ్ రక్షణ అంటారని ఆయనకు తెలియదు. కాపాడటమూ కట్టిపడేయటమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చాలాసార్లు తేడా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే ఉంటుంది.

ఆ ఏడు మొదటి ఆటలో సారు ఏమరపాటున గుర్రాన్ని పోగొట్టుకోవడంతో ఐలేశం గెలిచాడు. నల్లపావులతో ఆడే రెండోది డ్రా అయినా కప్పు తనదే. సారు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. ఒంటె బయటికొచ్చింది, గోడ మూసుకుంది. ఒంటె బయటికి రావడంతో కాపలా పోయిన బంటు మీదికి సారు మంత్రిని తెస్తే, ఐలేశం తన మంత్రిని ఎదురుగా నిలబెట్టాడు. మంత్రులిద్దరూ పోయారు. గంట గడిచేసరికి చెరో ఏనుగూ నాలుగేసి బంట్లూ మిగిలాయి. సారు చెయ్యి చాపాడు.

“డ్రానే గద, ఐలేశం?”

ఐలేశం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కప్పు ఇచ్చేశాక కూడా సారు లేవలేదు. బోర్డును అటుదిటు తిప్పాడు.

“నల్లపావులు నాకియ్యి. గా ఒంటె సంగతేందో నేన్గూడ జూస్త.”

ఐలేశం కప్పును బల్ల కింద పెట్టి, మంత్రి ముందున్న తెల్లబంటును రెండు గళ్లు నడిపాడు. సారు కూడా ఒంటెను ముందు బయటికి పంపి గోడ మూసేసరికి, పది ఎత్తులు కాకముందే ఐలేశం తల గోక్కున్నాడు.

“సారూ, దీన్ని పగలగొట్టుడెట్ల?”

“నన్నే అడుగుతున్నవా?” అన్నాడు సారు.