చిన్నమామకు పెట్టిన పత్తెం

పోయిన ఆదివారం ఉదయం మేడ మీద అద్దెకుండే ఆయన కిందికి దిగి వచ్చి, మా అమ్మమ్మ ముందు నిలబడి, "అమ్మా, కాఫీ చల్లారిపోతా ఉంది. లేపితే లేవడం లేదు. మీరొక తూరి రాండి," అన్నాడు. మా చిన్నమామ పోయాడన్న కబురు మాకు అట్లా తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. నలభై దాటి ఎన్నాళ్ళో కాలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నేను చదువుకోసం నెల్లూరు నుంచి వచ్చి చింతాద్రిపేటలో అమ్మమ్మ దగ్గర ఉన్న ఈ ఆరేళ్ళూ నాకు తండ్రీ ఆయనే, వాదించడానికి దొరికిన మనిషీ ఆయనే. సౌకార్‌పేటలో ఒక టోకు బట్టల కొట్లో గుమాస్తా. సాయంత్రం ఇంటికి వస్తూ మల్లెపూలు తీసుకోనిదే వీధి మలుపు దాటేవాడు కాదు. పూలమ్మితో రోజూ తగవు. "ఏమ్మా, నీ చెయ్యి వారవారానికీ పొట్టిదవతా ఉందే? నీ మూర నా జానంత కూడా లేదు!" అనేవాడు. ఆమె తిట్టుకుంటూనే ఇంకో నాలుగు పూలు కలిపేది. నేను ఒకచోట కుదురుగా కూర్చోలేనని ఆయనకు మహా సరదా. "నువ్వు కూర్చుంటే కుర్చీ గూడా నడస్తాది," అనేవాడు.

మేడ మీద ఆయన నేను వచ్చిన కొత్తలో ట్రాము కండక్టరు. ట్రాములు ఎత్తేశాక కలప డిపోలో పనికి కుదిరాడు గాని, నాకు ఈనాటికీ ట్రాము మామే. గాలి కోసమని మా చిన్నమామ కూడా మేడ మీదే పడుకునేవాడు. ఒకరి చొక్కాకి గుండీ ఊడితే రెండోవారు కుట్టేవారు. ఒకరికి ఒంట్లో నలతగా ఉంటే రెండోవారికి అన్నం సహించేది కాదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమిటో నేను వచ్చిన ఏడాదే గ్రహించాను. దానికి మన మాటల్లో మర్యాదైన పేరు మాత్రం నాకు దొరకలేదు. ఉన్నవన్నీ తిట్లే.

అమ్మమ్మకు తెలిసిందల్లా ఒకటే: కొడుక్కి ముప్పై అయిదు వచ్చినా పెళ్ళి ఊసెత్తితే లేచిపోతాడు. ఇది ఏదో లోపమే అనుకుని, పక్క వీధి వైద్యుడిని పిలిపించింది. ఆయన నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఆడదాని మీదికి మనసు పోలేదంటే నరాల్లో వేడి చాలడం లేదమ్మా. ఒక మండలం లేహ్యం తినిపిస్తే దారికొస్తాడు. పత్తెం గట్టిగా ఉండాల. చింతపండు, వంకాయ, నూనె సరుకులు కూడదు. బయట తినకుండా ఒక మనిషి కనిపెట్టుకోని ఉండాల."

ఆ మనిషిగా మా అమ్మమ్మ ఎవరిని ఎంచుకుందో చెబితే మీరు నమ్మరు. ట్రాము మామను.

"నాయనా, వాడు నా మాట వినడు. నువ్వు చెప్తే వింటాడు. పొద్దున, సాయంత్రం ఉసిరికాయంత ఉండ నువ్వే దగ్గరుండి మింగించాల. వాడి మనసు పెళ్ళి మీదికి మళ్ళాలని దేవుడికి దణ్ణం గూడా పెట్టుకో."

ట్రాము మామ నేల చూస్తూ, "సరేమ్మా," అన్నాడు.

అన్నట్టే చేశాడు కూడా. ఒక్క పూట తప్పలేదు. డిపో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, లేహ్యం ఉండా పాల గ్లాసూ పట్టుకుని నిలబడేవాడు. అంతేకాదు, తానూ పత్తెం మొదలుపెట్టాడు. అమ్మమ్మ పులుసు వడ్డించబోతే, "ఆయన ముందర నాకు దిగదు లేమ్మా," అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. అమ్మమ్మ ఊరంతా చెప్పుకుంది: "తోడబుట్టినోడు కూడా ఇంత చెయ్యడు."

ఒకనాడు చిన్నమామ ఉండ మింగి, నా వైపు తిరిగి, "లేహ్యం మంచిదే గాని, తెలివి తక్కువది. మనసు ఇయ్యమంటది, ఎవరికో చెప్పదు," అన్నాడు. ట్రాము మామకు తాను తాగుతున్న పాలు పొలమారి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. నేను పెద్దగా నవ్వేశాను. అమ్మమ్మ వంటింట్లోంచి, "పత్తెంలో ఆ నవ్వులేంది!" అని కేక వేసింది.

మండలం అయ్యేసరికి ఏళ్ళ తరబడి చిన్నమామను పీడించిన దగ్గు పోయింది. ఒళ్ళు కూడా కాస్త తేరింది. అది చూసి వైద్యుడు మీసం దువ్వాడు. అమ్మమ్మ చిత్తూరు వైపు ఒక సంబంధానికి కబురంపింది. పిల్లకు పద్దెనిమిదేళ్ళట, తండ్రి లేడట. ఎదురు చెప్పే ఇల్లు కాదు. ఆ శుక్రవారం మావాళ్ళు పోయి పిల్లను చూసుకుని, మాట ఇచ్చేసి రావాలి. ట్రాము మామ తొండియార్‌పేటలో గది చూసుకుంటున్నాడని విన్నాను.

గురువారం సాయంత్రం చిన్నమామ అమ్మమ్మ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. నన్ను పొమ్మనలేదు.

"అమ్మా, నీ మందు బాగా పని చేసింది. దగ్గు పోయింది."

"చెప్పలా నేను!"

"దగ్గు జబ్బు గనక పోయింది. ఇది జబ్బు కాదు."

"జబ్బు గాకపోతే మరేంది రా?"

"నేనేమ్మా. నన్ను పోగొట్టే మందు ఆ వైద్యుడి దగ్గర ఉండదు. ఆ పిల్లను తెచ్చి ఈ ఇంట్లో కూర్చోబెడితే, పాపం, ఆమెకు ఏ మందు ఇప్పిస్తావు?"

అమ్మమ్మ నా చేతిలోని చేట తన వైపుకు లాక్కుని, తానే రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఆమెకు పదమూడో ఏట పెళ్ళి. తాతయ్య ఆమెతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని అమ్మ చెప్పేది. చివరికి లేచి, "చిత్తూరుకు కబురు నేను చెప్పుకుంటా," అంది. మెట్ల దాకా పోయి, పైకి చూసి, "వాణ్ణి గది చూడొద్దని చెప్పు. మళ్ళీ కొత్తోళ్ళను అద్దెకు పెట్టుకునే ఓపిక నాకు లేదు," అంది. వైద్యుడు భస్మం ఒకటుందని మళ్ళీ వస్తే, "ఇంట్లో జబ్బు ఎవరికన్నా వస్తే పిలస్తాలే," అని సాగనంపింది.

నాటు మందుల్ని నేను ఎగతాళి చెయ్యను. ఆ దగ్గు తగ్గడం కళ్ళారా చూశాను, లేహ్యానికి తగ్గిందో, రోజూ వేళకు తిండీ పాలూ పడినందుకు తగ్గిందో చెప్పలేను. ఇంగ్లీషు వైద్యం తెలిసినవాళ్ళు అంతకంటే మేలుగా ఆలోచించారా అంటే అదీ లేదు. కాలేజీ లైబ్రరీలో మనస్తత్వ శాస్త్రం తిరగేస్తే, ఆ లావుపాటి పుస్తకం కూడా దాన్ని రోగమనే అంది. కోపం పట్టలేక ఆ మాట చిన్నమామతో చెప్పాను. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూ, "రాసినాయన మన ఇంట్లో ఒక పూట భోంచేసుంటే అట్టా రాసుండడు, పాపం," అన్నాడు. ఆయనకు ఎవరి మీదా కోపం నిలిచేది కాదు. ఆ రోజు నాకది పిరికితనం అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఆయన పోయిన ఆ ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. చావు ఇంటి ముందు మగవాళ్ళు వరసగా నిలబడి చేతులు చాచడం ఈ ఊరి తీరు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ ఆ చేతుల్ని ముట్టుకుని లోపలికి పోతాడు. వేరే కాపురముండే పెద్దమామ, ఆయన కొడుకులు, పినతాత నిలబడ్డారు. ట్రాము మామ ఎదురు అరుగు దగ్గర, ఎండలో, ఎవరికీ ఏమీ కానివాడిలా నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ గడప దాకా వచ్చింది.

"ఆడేం చేస్తా ఉండావు? ఇట్టా వచ్చి నిలబడు."

పినతాత గొంతు తగ్గించి, "వదినా, అది అయినవాళ్ళు నిలబడే చోటు. అద్దెకున్నోడికి ఈడేం పని?" అన్నాడు.

"నా కొడుక్కి ఎవరు అయినోళ్ళో నాకు తెలీదా? జరుగు."

ఆయన జరిగాడు. ట్రాము మామ వచ్చి వరసలో చివర నిలబడ్డాడు. చేతులు ఎట్లా చాచాలో తెలియక పక్కవాళ్ళను చూసి చాచాడు. వచ్చినవాళ్ళలో కొందరు ఆయన దాకా రాకుండానే లోపలికి మళ్ళారు. కొట్టు మనుషులు ముట్టుకున్నారు. పూలమ్మి గంప దించి, ఆడవాళ్ళు ముట్టుకోకూడదన్నది కూడా మరిచి, ముట్టుకుంది.

జనం పలచబడ్డాక మిగతావాళ్ళు చేతులు దించేశారు. ఆయన దించలేదు. అమ్మమ్మ గడప దిగి వచ్చి, ఆ రెండు చేతుల్లో తన రెండు చేతులూ పెట్టింది. పొద్దుటి నుంచీ ఏడవని మనిషి అప్పుడు వంగి, ఆమె వేళ్ళకు నుదురు ఆనించాడు. ఆమె అట్లాగే, ఎండ కాళ్ళ మీదికి వస్తున్నా, కదలకుండా నిలబడింది.