నామాలు పెట్టిన గంప

అడగకుండానే చెట్టు నిండా పూత పూయించి, ఎంత మొక్కినా ఒక్కో ఏడు పిందె నిలవనివ్వని ఆ శ్రీనివాసుడికి ముందుగా వేయి దండాలు. నాకు ఈ నోటిని ఇచ్చింది ఆయనే. దానికి గడియ పెట్టడం మాత్రం మరిచిపోయాడు. ఆ ఒక్క లోటు వల్ల నేనొక కుర్రాడి చదువునూ, ఒక పెద్దమనిషి పరువునూ ఒకే వారంలో నిలువునా ముంచబోయాను. ఆ ఘోరం చెబుతాను వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోరు.

అరవైల చివరి మాట. నాకు ఇరవై ఆరేళ్ళు. నూజివీడు పక్కన మామిడితోట, శనివారం భజన, మిగతా రోజుల్లో చెడుగుడు. మా లోకం అంతే. మా ఊరి కాలేజీ జట్టు అంతకు ముందేడు ఎంత అన్యాయంగా ఓడిందంటే, కూతకు వెళ్ళినవాడు కొత్తగా అత్తారింటికి వెళ్ళిన అల్లుడిలా అటే ఉండిపోయాడు గానీ తిరిగొచ్చిన పాపాన పోలేదు.

అలాంటి రోజుల్లో చాట్రాయి నుంచి కోటయ్య వచ్చాడు. మైలవరంలో ఎస్సెల్సీ పాసయ్యాడు. కూతకు వెళ్తే పాదరసం. అలాంటివాణ్ణి వేరే కాలేజీ ఎగరేసుకుపోతుందేమోనని నా బెంగ. తల్లి తోటల్లో కాయలు ఏరే కూలీ. సెలక్షన్లలో నెగ్గితే కాలేజీ హాస్టల్లో తిండీ చదువూ ఉచితం. నెగ్గకపోతే తల్లి పక్కన గంప మోయాల్సిందే.

కాలేజీలో ఆటలు చూసే సుందరంగారిని అందరూ డ్రిల్లు మాస్టారనేవాళ్ళు. జట్టు అభిమానులైన మా అందరినీ ఆయన గేటు దగ్గర నిలబెట్టి రూలు చదివారు.

"సెలక్షన్లకొచ్చే కుర్రాళ్ళకి మీరేమీ ఇవ్వకూడదు. బండెక్కించుకోకూడదు. భోజనానికి పిలవకూడదు. తీసుకున్నవాడు ఔటు!"

"కాఫీ కూడానా మాస్టారూ?" అన్నాను.

"మంచినీళ్ళు కూడా, శేషయ్యగారూ. ముఖ్యంగా మీరు."

దేవుడు వరమిచ్చినా డ్రిల్లు మాస్టారు విజిలివ్వడని ఆరోజే తెలిసింది. కానీ నేనేమన్నా తక్కువవాణ్ణా? పన్నెండేళ్ళుగా పురాణం వింటున్నవాణ్ణి! నేనివ్వకూడదు, సరే. స్వామి ఇవ్వకూడదని రూల్లో ఉందా?

మాగిన చిన్న రసాలు ఏరి గంపకెత్తాను. గంప మీద మూడు నామాలు దిద్దాను. భజన మందిరంలో స్వామి ముందు పెట్టి, హారతిచ్చి, పైన తులసిదళం ఉంచాను. అంతా చూస్తూ నిలబడింది మా ఆవిడ రుక్మిణి.

"ఏవండీ, ప్రసాదమైతే భజనకొచ్చిన అందరికీ తలా ఒకటి పెడతారు గదా, ఒక్కడికే గంపెడేంటి?"

"ఎవరికెంత ఇవ్వాలో స్వామికి తెలుసు."

"స్వామికి తెలుసు. మీకే తెలీదు."

ఆ మాట అప్పుడే చెవికెక్కితే ఇప్పుడు రాయడానికి ఏముండేది!

కోటయ్య కాలేజీలో దరఖాస్తు ఇచ్చి వెళ్తుంటే బస్టాండు దారిలో పట్టుకున్నాను. గంప చూడగానే వాడు రెండడుగులు వెనక్కేశాడు.

"వద్దండీ. మాస్టారు ఏదీ తీసుకోవద్దన్నారండీ."

"నేనిస్తున్నానేంట్రా? ఇది స్వామి ప్రసాదం. కాదంటే కళ్ళు పోతాయి!"

పాపం, వాడు గంపను కళ్ళకద్దుకుని నెత్తికెత్తుకున్నాడు. బస్టాండు ఇటుంటే వాడు అటెందుకు వెళ్ళాడో నాకు తట్టలేదు. గెలిచినవాడికి దిక్కులతో పనేముంది?

అక్కడితో ఊరుకుంటే నేను శేషయ్యనెందుకవుతాను? ఆ శనివారం భజనలో హారతి కళ్ళకద్దుకుంటూనే గొప్పలు మొదలెట్టాను. "కోటయ్య ఇక మనవాడే. స్వామి రసాలు గంపెడు తిన్నవాడు వేరే కాలేజీకి ఎలా పోతాడు!" మా భజనలో తాళాలు వేసేది ఆ కాలేజీ గుమాస్తానే. నా ముక్క సోమవారం పొద్దున సెలక్షన్లు మొదలయ్యేలోపే ప్రిన్సిపాలుగారి బల్ల మీద ఉంది.

పిలిచారు. గదిలో ప్రిన్సిపాలుగారు, పక్కన సుందరంగారు, మూలన కోటయ్య. కిటికీ అవతల వాడి తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"కోటయ్యకి పళ్ళిచ్చారా?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"నేనివ్వలేదండీ. స్వామి ఇచ్చాడు."

"మోసుకెళ్ళిందెవరు?"

"నేనేనండీ. స్వామికి చేతులు ఖాళీ లేవు గదండీ, శంఖమూ చక్రమూనూ."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాం. దేవుడి పేరు చెప్పి కాయలు అంటగట్టినవాణ్ణి ప్రిన్సిపాలుగారు అప్పుడే చూస్తున్నట్టున్నారు.

సుందరంగారు బల్ల గుద్దారు. "రూలంటే రూలండీ! తీసుకున్నవాడు ఔటు. ప్రసాదమైనా సరే, పాయసమైనా సరే!"

కిటికీ అవతల ఆ తల్లి కూలబడిపోయింది. అప్పుడు దిగింది నా తలకెక్కిన పురాణం. "బాబూ, తప్పు నాదండీ, వాణ్ణి వదిలేయండి" అని రెండు చేతులూ జోడించాను.

ప్రిన్సిపాలుగారు కోటయ్య వైపు తిరిగారు. "ఎన్ని తిన్నావురా?"

"ఒక్కటీ తినలేదండీ. ఎవరన్నా ఏదన్నా అంటగడితే తెచ్చి అప్పజెప్పమని మాస్టారే చెప్పారండీ. ఆ నిమిషానే వారింటికి పట్టుకెళ్ళాను. మాస్టారు బెజవాడ వెళ్ళారన్నారు. మామ్మగారికిచ్చి, ఆయనకి అప్పజెప్పమని చెప్పానండీ."

సుందరంగారి ముఖం కోత రోజు కాయలా పచ్చగా మొదలై, చూస్తుండగానే మాగింది.

"మాస్టారూ, పళ్ళు ఎక్కడున్నాయి?"

"లేవండీ."

"లేవంటే?"

"మా అమ్మ స్వామి ప్రసాదంరా అని రోజూ కంచంలో వేసేదండీ. ఎవరు తెచ్చారో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదండీ. గంప మీద నామాలున్నాయి, తులసి ఉంది. కాదంటే పాపం గదండీ..."

"కళ్ళకద్దుకుని తిన్నారా?"

"ప్రతీదీ అద్దుకున్నానండీ."

ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. నవ్వు దాచుకోవడానికని నా అనుమానం. తర్వాత తీర్పు చెప్పారు. "కోటయ్య రూలు పాటించాడు, ఆడతాడు. ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ ఈ పూట గేటు అవతల! విజిలిలా ఇవ్వండి మాస్టారూ, నేనే చూసుకుంటాను."

అలా నేనూ సుందరంగారూ ప్రహరీ అవతల నా ఎడ్లబండి ఎక్కి, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా మునివేళ్ళ మీద నిలబడి సెలక్షన్లు చూశాం. ప్రిన్సిపాలుగారు ఊదకూడని చోటల్లా విజిలూదారు. అయినా కోటయ్య ఒక్క కూతలో ముగ్గుర్ని తాకి, నాలుగోవాణ్ణి నడుముకు వేలాడేసుకుని గీత దాటాడు. వాడి తల్లి గట్టిగా అరిచింది. హాస్టల్లో వాడికి చోటు దొరికింది. నేనూ సుందరంగారూ అన్నీ మరిచిపోయి ఒకరినొకరు వాటేసుకున్నాం.

కాసేపటికి ఆయన సర్దుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"శేషయ్యగారూ, రూలు ప్రకారం మీరు కుర్రాళ్ళకే ఇవ్వకూడదు. గేటు అవతలికి గెంటేసిన మాస్టారికివ్వకూడదని ఎక్కడా లేదండీ. ఆ చెట్టుకి ఇంకా కాయుందా?"

ఆ బండి మీదే, ఎద్దుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో నా పేరాశకు నామాలు దిద్ది స్వామి నెత్తిన పెట్టను. ఇది చదివిన మీరు కూడా ఒక్క క్షణం చేతులు జోడించి నాతో అనండి. స్వామీ, మా కోరికలు మావి, మా తప్పులు మావి. వాటిని మోయమని నిన్ను అడగం. మా నోటికి కాస్త గడియ పెట్టు తండ్రీ. కోటయ్య లాంటి బిడ్డల్ని మా లాంటి అభిమానుల నుంచి చల్లగా కాపాడు.