ఎగిరిపోయిన రెండు చీటీలు

మా మేడం పోయారని మొన్న పొద్దున వేలూరు నుంచి కబురు వచ్చింది. పురావస్తు తవ్వకాలతో మొదలుపెట్టి, మ్యూజియాన్ని నడిపి, చివరికి పరిశోధనలన్నిటికీ పెద్దగా రిటైరైన మనిషి. పేపర్లో ఆమె పదవులన్నీ వేశారు. వేయని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. ఇన్నాళ్లూ దాచినందుకు సిగ్గుగా ఉంది.

గుడియాత్తం దగ్గర తవ్వకంలో నేను రోజుకూలీని. పాతకుండల పెంకులు కడిగి గోనెసంచుల మీద ఆరబెట్టేవాణ్ని. ఏ కుప్ప ఎంత లోతున దొరికిందో రాసిన చీటీని పక్కనే రాయి కింద పెట్టాలి. మేడం తలమీద తడిగుడ్డ వేసుకుని వచ్చి ఒక్కో రాయినీ కదిపి చూసేవారు. "పెంకు పగిలితే అతికిస్తాం నాయనా. చీటీ పోతే ఏం చేస్తాం?" అనేవారు.

ఒకరోజు రాళ్లు పెట్టకుండానే టీకి పోయాను. గాలికి రెండు చీటీలు ఎగిరిపోయాయి. వెతికి తెచ్చి, ఏది దేనిదో ఊహించి పెట్టేశాను. నోరు మెదపలేదు. ఆ కుప్పల్లోనే గీతలున్న పెంకు ఒకటి బయటపడింది. అది అన్నిటికన్నా లోతున దొరికిందని, అంటే అన్నిటికన్నా పాతదని మేడం రిపోర్టు రాశారు. దాంతో మరో ఏడాది తవ్వడానికి అనుమతి ఖాయమని అందరూ అన్నారు.

పై అధికారులు వేలూరు వచ్చిన రోజు, ఉండబట్టలేక ఆమెతో చెప్పేశాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంగెవురికన్నా చెప్పినావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. రిపోర్టు తీసుకుని అధికారుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు.

బయట బల్ల మీద కూర్చున్నాను. ఇంట్లో నా భార్యకు నెలలు నిండాయి. నా పేరు చెబితే ఆ పూటతో పని పోతుంది. ఆమె ఏమీ చెప్పకపోతే ఇద్దరం బతికిపోతాం. అలా అనుకున్నానని ఒప్పుకుంటున్నాను. లోపల గొంతులు లేచాయి. ఎవరి తప్పని ఎవరో అరవంలో గట్టిగా అడుగుతున్నారు. లేచి తలుపు దగ్గరికి పోయాను. తప్పు తనదేనని, చూసుకోవలసింది తనేనని ఆమె అరవంలోనే నిదానంగా చెప్పారు.

తవ్వకం ఆగిపోయింది. ఆమెకు రావలసిన పెద్ద పదవి కొన్నేళ్లు ఆలస్యంగా వచ్చింది. నా పని మాత్రం పోలేదు.

గుంట పూడ్చే ముందు అడుగున ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. నేను దిగుతానన్నా వినకుండా మేడమే దిగారు. మూలలు చేత్తో సర్దుతూ, "యాడ నిలిపినామో రేపొచ్చేవాళ్లకు తెలియాల గదప్పా" అన్నారు. ఆ తర్వాత నా వైపు పైకి చెయ్యి చాచారు. పట్టుకుని లాగాను. గోళ్ల నిండా మట్టి. గట్టెక్కాక ఆమె నా మొహం చూడలేదు. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.