అత్తయ్యకు దక్కని సభ్యత్వం

పోయిన వారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఫోను మోగింది. మా పార్టీ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. సంపాదకుడినని చెప్పుకున్న కుర్రవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "పార్టీ సిద్ధాంతం ఎలా ఎదిగిందో ఓ ఏడెనిమిది పేజీలు రాసిపెట్టండి. వ్యక్తిగత విషయాలు వద్దండి, సిద్ధాంతం చాలు" అన్నాడు. సరేనని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడు రోజులైనా ఒక్క పేజీ నిండలేదు. సిద్ధాంతం అని రాయబోతే చాలు, ధవళేశ్వరం దిగువన కాలవగట్టు మీద పెంకుటింటి వసారా, అందులో బాసింపట్టు వేసుకుని కూర్చున్న మేము, లోపలి నుంచి చింతచిగురూ రొయ్యపొట్టూ ఉడుకుతున్న వాసన గుర్తొచ్చేవి. ఆ వెంటనే కలం పక్కన పెట్టేసేవాణ్ణి. వాసన వల్ల కాదు. మమ్మల్ని తలుచుకుంటేనే నాకు రోత.

పార్టీ అంటే పెద్దదేదో అనుకోకండి. పెద్ద పార్టీలోంచి విడిపోయిన పార్టీలోంచి మళ్ళీ విడిపోయింది మాది. రాజమండ్రిలో ఒక మేడమీది గది, మాటిమాటికీ మొరాయించే సైక్లోస్టైల్ మిషను, జిల్లా కమిటీలో ఏడుగురం. అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలంటే రెండు ఆటోలు చాలు. కానీ ప్రపంచంలో మాకు అభిప్రాయం లేని విషయం లేదు. దున్నేవాడిదే భూమి అన్నాం. ఉద్యమానికి కూలీలే నాయకత్వం వహించాలన్నాం. అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది సమష్టి నిర్ణయం. లోపల ఎంత కొట్టుకున్నా, చేతులెత్తి తేల్చుకున్నాక అది అందరిదీ. ఎవరి చెయ్యి ఎటు లేచిందో బయట చెప్పకూడదు. ఈ నియమం వల్ల పార్టీకి ఏం ఒరిగిందో తెలియదుగాని, మాలాంటి పిరికివాళ్ళకు మాత్రం భలే వాటంగా ఉండేది.

ఆ పెంకుటిల్లు మా మేనత్తది. మావయ్య ఇరిగేషన్‌లో లస్కరు, ఆ ఇల్లు ఆయనకు ప్రభుత్వం ఇచ్చిందే. కాలవ షట్టర్లు ఎత్తడం, దించడం, వరద రోజుల్లో గట్టు మీద కాపలా తిరగడం ఆయన పని. అత్తయ్య ఊడ్పుల ముఠాకు మేస్త్రి. పన్నెండుమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని చేలల్లో దిగేది. కూలి దగ్గర ఏ రైతూ ఆవిడను బుకాయించి గెలిచింది లేదు. ప్రభుత్వ ఇంట్లో పోలీసులు వెతకరన్న సాకుతో మా రాజకీయ తరగతులన్నీ అక్కడే పెట్టేవాళ్ళం. అసలు సంగతి ఆవిడ చేతివంట. శ్రామిక మహిళ విముక్తి గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడి, ఆ శ్రామిక మహిళ వడ్డిస్తే తిని, విస్తళ్ళు ఆవిడకే వదిలేసి లేచేవాళ్ళం. ఇది తప్పని మా ఏడుగురిలో ఒక్కడికి కూడా తోచలేదు. ఇంత చదువూ దేనికి తగలెయ్యను!

మా కార్యదర్శిగారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన లెక్చరరు. భీమవరం వైపు పదెకరాల మాగాణి ఉండేది. తన వర్గాన్ని త్యజించి వచ్చానని తరగతుల్లో మాకు చెప్పేవారు. త్యజించింది వర్గాన్నే, పొలాన్ని కాదు. దాని మీద ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు.

ఒకరోజు అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచింది. "ఏరా అబ్బాయ్, మీరు లోపల కూచుని మాట్టాడుకునేది మా కూలోళ్ళ గురించే కదా? మరి నన్ను పొయ్యి దగ్గర కూచోబెట్టారేంటి? నేనూ అక్కడ కూచోవాలి, నేనూ ఓ మాట చెప్పాలి. ఆ మెంబరుషిప్పేదో నాకూ ఇప్పించు" అంది. మా కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను, కమిటీలో అందరికన్నా చిన్నవాణ్ణి. ఉత్సాహంగా ఆవిడ దరఖాస్తు తీసుకెళ్ళాను. కార్యదర్శిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆవిడంటే మనందరికీ గౌరవమేనండి. కానీ పార్టీ కార్యక్రమం చదివి అర్థం చేసుకోలేనివాళ్ళని చేర్చుకుంటే రేపు పార్టీ ఏమవుతుందండి?" అన్నారు. వద్దనేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. చుట్టూ చూసి నేనూ ఎత్తాను.

అత్తయ్యతో మాత్రం, "కమిటీ ఒప్పుకోలేదత్తయ్యా. నేను చాలా చెప్పి చూశాను. చదవడం రావాలంటున్నారు" అన్నాను. "అంతేనా? నేర్చుకుంటాను" అంది. నలభై దాటిన మనిషి, చేలో వంగి వంగి నడుము పట్టేసిన మనిషి, సాయంత్రాలు గట్టు మీద కూర్చుని అక్షరాలు దిద్దింది. మా కార్యక్రమం పుస్తకమే ఆవిడకు వాచకం. పిల్లలు పలక, బలపం అని చదివితే ఆవిడ 'ఉత్పత్తి సంబంధాలు' అని కూడబలుక్కుని చదివేది. రెండేళ్ళకు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి మళ్ళీ దరఖాస్తు ఇచ్చింది, ఈసారి తన చేతిరాతతో.

ఆ కాగితం చూసి కార్యదర్శిగారు చాలాసేపు ఆలోచించారు. ఆవిడ భర్త ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆ కుటుంబం రాజ్యయంత్రంలో భాగమని తేల్చారు. మోచేతుల దాకా గ్రీజుతో షట్టరు తిప్పే మా మావయ్య రాజ్యయంత్రమట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ నెలలోనే నన్ను రాష్ట్ర కమిటీకి పంపాలన్న మాట నడుస్తోంది. నవ్వలేదు, ఏడవలేదు, చెయ్యెత్తాను. ఈసారి చుట్టూ చూడను కూడా లేదు. అత్తయ్యకు మళ్ళీ పాత పాటే పాడాను.

తర్వాత పార్టీ చీలిపోయే రోజులొచ్చాయి. ఈ డెల్టాలో ఉన్నది అర్ధ భూస్వామ్యమా, పెట్టుబడిదారీ విధానమా అన్నది తగువు. ఆపాటికే కార్యదర్శిగారి పదెకరాలూ రొయ్యల చెరువులైపోయాయి. ఆయన మాత్రం అర్ధ భూస్వామ్యమని బల్ల గుద్దేవారు. మహాసభలో చేతులు కావాలి. ఊడ్పుల ముఠాలో పన్నెండుమంది ఉన్నారని, వాళ్ళు అత్తయ్య మాట దాటరని రెండు పక్షాలకూ ఒకేసారి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ కుదరని సభ్యత్వం ఒక్క పూటలో కుదిరిపోయింది, ఆవిడ చేరితే ముఠా అంతటికీనట. కార్డు పట్టుకుని మా పక్షం తరఫున నేనే వెళ్ళాను. సిగ్గులేనివాణ్ణి కాబట్టి వెళ్ళగలిగాను.

అత్తయ్య చేలోంచి అప్పుడే వచ్చి కాలవ మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటోంది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కార్డు తీసుకుని, తన పేరు, కింద సిఫారసు చేసినవాడిగా నా సంతకం నిదానంగా చదివింది.

"ఇప్పుడెందుకిచ్చారు?" అని అడిగింది. మహాసభ గురించి చెప్పాను.

"చెయ్యెత్తడానికా? సరేగానీ, ముందు రెండుసార్లు వద్దన్నదెవరు?"

"అది సమష్టి నిర్ణయం అత్తయ్యా."

"సమష్టికి చేతులుండవురా, మనుషులకే ఉంటాయి. నీ చెయ్యి లేచిందా, లేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి, "లేచింది" అన్నాను.

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

అత్తయ్య తిట్టలేదు. కార్డు నా జేబులో పెట్టి, "అన్నం తినెళ్ళు" అంది. తిట్టినా బాగుండేది. అంతకన్నా అసహ్యమైన సంగతి, నేను కూర్చుని తిన్నాను. చారు కూడా రెండోసారి వేయించుకున్నాను. ఆ రోజు చెరువు తవ్వుతున్న చేను గట్టు మీదుగా తిరిగొస్తూ మనసులో మహాసభ ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ ఆ తర్వాత పదేళ్ళు బతికింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చుట్టుపక్కల చేలు చెరువులయ్యాక ఊడ్పులు పోయాయి, ముఠా చెదిరిపోయింది. కొందరు భీమవరం వైపు రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళారు. ఇది ఏ విధానమో మా రెండు పక్షాలూ ఇంకా తేల్చలేదు.

నిన్న ఆ సంపాదకుడు మళ్ళీ ఫోను చేశాడు. ఇదంతా చెప్పాను. అంతా విని, "అవన్నీ చిన్న విషయాలు కదండీ. అయినా అది కమిటీ సమష్టి నిర్ణయం" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయితే వాడి గొంతులో వినిపించింది అప్పటి నేనే కాబట్టి తిట్టలేకపోయాను. ఆ గదిలో చేతులెత్తిన ఏడుగురిలో ఆరుగురు పోయారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కరే తమ వాటా వదిలేసి వెళ్ళిపోగా, ఆ సమష్టి నిర్ణయం ఇప్పుడు మొత్తంగా నా ఒక్కడిదే అయింది.