నా కొత్త కారు తలుపుల మీద సత్తన్న ఫోన్ నంబరు

ఇక్కడ గల్ఫ్‌లో ఏసీ రిపేరు కంపెనీ నడిపే మా ఊరి సత్తన్న మాట నమ్మాను. "నా కంపెనీ పేరు మీద కారు కొను తమ్మీ, కట్టిన ట్యాక్స్ మల్ల వాపస్ వస్తది" అన్నాడు. సరేనని డబ్బంతా నేనే కట్టాను.

ఈ రోజు రూవి బజారులో కారు చేతికిచ్చాడు. రెండు తలుపుల మీదా ఎర్రగా ఆయన కంపెనీ పేరు, ఫోన్ నంబరు!

"ఇదేందన్నా?"

"ట్యాక్సోళ్లకు కంపెనీ బండి లెక్క కనవడాలె గదా!"

"మరి వాపస్ వచ్చే పైసలు?"

"గవి ఈ పెయింటింగుకే అయిపాయె తమ్మీ."

ఇంటికొస్తుంటే సిగ్నల్ దగ్గర ఒకాయన అద్దం తట్టి, వాళ్లింట్లో ఏసీ చల్లగా రావడం లేదన్నాడు. మొహమాటానికి నేనే సత్తన్నకు ఫోన్ కలిపిచ్చాను. ఇలాంటి అన్న మీకూ ఉన్నాడా, నాకొక్కడికే దొరికాడా?