ఎర్ర రంగు వేసిన మెత్తటి స్ప్రింగులు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని మోస్తూనే నవ్వాను, వండాను, పండగలు చేశాను. బరువు మోసేవాళ్లు దిగులుగా ఉంటారనుకుంటారు కదా మీరు. నేను సంతోషంగానే ఉన్నాను. నన్ను ఎక్కువగా పొడిచేది అదే. నేను చేసిన తప్పు వల్ల మా ఇంట్లో సంతోషం పెరిగింది. ఆ సంతోషానికి ఇంకో ఇంట్లో ఒక మనిషి నలిగాడు.

మా ఆయన కారు స్ప్రింగులు నేను మార్పించాను. ఆయనకు తెలియకుండా.

ఇంతేనా అనిపిస్తుందేమో. నాకూ మొదట అలాగే అనిపించింది.

మాది కర్నూలులో నూనె, బెల్లం కొట్టు. ఇల్లు కల్లూరులో. మా ఆయన వారమంతా త్రాసు ముందు కూర్చుంటాడు, ఆదివారం వస్తే కారు పక్కన కూర్చుంటాడు. పాత కారే. దాన్ని నేలకు ఆనేంత కిందికి దించాలని ఆయనకు పిచ్చి. కారు ఎంత దిగితే స్ప్రింగు అణగడానికి అంత తక్కువ చోటు మిగులుతుందట. అందుకని గట్టి స్ప్రింగు వేయాలట. మరీ గట్టిదైతే రోడ్డు మీది గులకరాయి కూడా వెన్నుకు తెలుస్తుందట. అన్నం కలుపుకుంటూ, హుషారుగా ఎడమ కాలు ఊపుకుంటూ ఇవన్నీ చెప్పేవాడు. నేను శ్రద్ధగా వినేదాన్ని. పప్పులో ఉప్పులాంటిదే కదా, ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు అనుకునేదాన్ని. ఆయన ఆపలేదు. దొరికినవాటిలో అన్నిటికన్నా గట్టివి, ఎర్రవి, తెప్పించి బిగించాడు. టైరుకూ పైన రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు. కారు చూడముచ్చటగా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎక్కితేనే కష్టం.

మా మామకు నడుము నొప్పి. గురువారాలు మంత్రాలయం పోవడం ఆయన అలవాటు. ఇంట్లో కారు ఉండగా షేర్ ఆటో ఎక్కి బస్టాండుకు పోయేవాడు. ఒకసారి నేనే బతిమాలి కారెక్కించాను. ఎమ్మిగనూరు రాకముందే ఆపమని దిగిపోయాడు.

"దీనికన్నా ఎద్దులబండి మేలు కదప్పా" అని కొడుకుతో అని, చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కేశాడు.

ఆ బస్సు వెనకాలే ఖాళీ వెనక సీటుతో మేము మంత్రాలయం దాకా పోయాము. మా ఆయన ఆ బస్సు వెనక అద్దం మీదే చూపు పెట్టి నడిపాడు. చిన్నప్పటి నుంచి ఏం చేసినా తండ్రి నోటి నుంచి 'బాగుంది' అన్న మాట వినని మనిషి. ఆ రోజు ఆ ముఖం నేను చూడలేకపోయాను.

తర్వాత ఆయన సరుకు పని మీద బస్సులో ఆదోని పోయాడు. పోయేముందు షాక్ అబ్జార్బర్ల మీద, కుదుపు తగ్గించడానికి ఉండే మరను కాస్త వదులు చేసి, "ఇంక సర్దుకుంటాదిలే" అన్నాడు. సర్దుకోలేదు. ఆయన అటు పోగానే నేను కారు తీసుకుని మెకానిక్ ఖాదర్ భాయ్ దగ్గరికి పోయాను.

"ఇంతకన్నా మెత్తటివి ఉండాయా భాయ్?" అని అడిగాను.

ఆయన కారు మూలను రెండు చేతులతో నొక్కి చూశాడు. అది కదల్లేదు.

"ఉండాయమ్మా. మెత్తటివి ఏస్తే బండి ఇంకా కూకుంటాది. స్ప్రింగు కింద రింగు పైకి తిప్పి ఎత్తు సరిచేస్తా. నలుగురెక్కితే మాత్రం గుంతల్లో కొట్టుకుంటాది, చూసుకోవాల."

"ఆయనకు తెలీకూడదు."

"ఎర్ర రంగు పూస్తాంలే. తెలిసిననాడు నా పేరు చెప్పాకు అమ్మా" అని పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. దొంగతనం ఇంత సరదాగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆయన తిరిగొచ్చి కారు నడిపాడు. వీధి చివరి దాకా పోయి వచ్చాడు. మళ్లీ పోయాడు. దిగి, సందులో రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాడు. "నేను చెప్పలే? ఆ మర తిప్పినా, కుదిరింది!" అని అరిచాడు. ఆ గురువారం మామను తీసుకుపోయాడు. మంత్రాలయంలో దిగి నడుము మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడి మామ అన్నాడు: "ఇప్పుడు బాగుండాదప్పా. నువ్వు మొండోడివే గానీ పనోడివి."

మా ఆయన తుంగభద్ర ఒడ్డుకు పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఆ రోజు మేము తిన్న మిరపకాయ బజ్జీల రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. అప్పుడు ఎలా చెప్పను? మీరైతే చెప్పేవారా?

అక్కడి నుంచి అబద్ధాన్ని పెంచడం నా పని అయింది. కారులో నాలుగో మనిషి ఎక్కకూడదు. మా మేనత్త ఎక్కబోతే సీటు మీద నూనె డబ్బా పెట్టాను. మా ఆడబిడ్డను బస్సులో రమ్మన్నాను. పిసినారిదన్న పేరొచ్చింది. ఆ పేరు నాకు సరదాగానే ఉండేది.

సుధాకర్ సంగతి మాత్రం సరదా కాదు. ఆయన మా ఆయనకు కాలేజీ స్నేహితుడు, ఉండేది కడపలో. మా కారు చూసి ముచ్చటపడి, తన కారుకూ అలాగే చేయాలనుకున్నాడు. ఏ స్ప్రింగులు వేయాలో, మర ఎంత వదులు చేయాలో మా ఆయన ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన చెప్పింది ఆ గట్టి స్ప్రింగుల గురించే. నేను పక్క గదిలో బట్టలు మడుస్తున్నాను. అన్నీ విన్నాను. నోరు తెరవలేదు.

సుధాకర్ కారు కూర్చోలేనంత గట్టిగా తయారైంది. ఆయన భార్య ఎక్కనంది. ఇదేంటని అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు, నలుగురు స్నేహితుల ముందు మా ఆయన నవ్వాడు. "తప్పు స్ప్రింగులో లేదప్పా, నీ చేతుల్లో ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాఫీలు పట్టుకుని నిలబడ్డాను. సుధాకర్ కాఫీ తాగకుండానే పోయాడు. మళ్లీ రాలేదు.

ఎందుకు ఊరుకున్నాను? మామ నడుము కోసమా? మా ఆయన ముఖంలో వెలుగు కోసమా? లేక, ఆయన కన్నా నాకే బాగా తెలుసన్న గర్వం లోపల దాచుకుని రోజూ కాస్త కాస్త రుచి చూడటానికా? మూడోది నిజం కాదని చెప్పలేను.

ఈ మధ్య ఒంటిమిట్ట తిరునాళ్లలో సుధాకర్ కనిపించాడు. మా ఆయన ప్రసాదం వరుసలో ఉన్నాడు, నేను కారు దగ్గర ఉన్నాను.

"బాగుండావా వదినా?" అంటూ దగ్గరికి వచ్చాడు.

"బాగుండామన్నా. నీ కారు యాడ?"

"ఇంట్లోనే, షెడ్డులో ఉండాది. బయటికి తీసేది లేదు." వంగి మా టైరు పైన సందులో వేళ్లు పెట్టి చూశాడు. "వాడు చెప్పినట్టే చేసినా వదినా. అవే స్ప్రింగులు, ఇదే ఎత్తు. యాడ తప్పు పోయిందో ఇప్పటికీ తెలీలేదు. నా చేతుల్లోనే ఏదో లోపం ఉన్నెట్టుండాది."

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే నమ్మాడు. నా నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. "ఎండగా ఉండాది, నీళ్లు తాగు అన్నా" అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా జీవితంలో ఇంకోటి లేదు.

ఈ రోజు ఆదివారం. పొద్దున మా ఆయన కారు తుడుస్తుంటే పోయి నిలబడ్డాను.

"ఏమండీ, ఆ స్ప్రింగులు మీరు వేసినవి కావు. మీరు ఆదోని పోయినప్పుడు నేను మార్పించినా. సుధాకరన్న తప్పేమీ లేదు."

ఆయన తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత చెయ్యి ఆగింది.

"ముందువా, ఎనకవా?" అన్నాడు.

"నాలుగూ."

జాకీ పెట్టి కారెత్తి, చక్రం పక్కన పడుకుని తల లోపలికి పెట్టాడు. ఎర్ర రంగును గోటితో గీకుతున్న చప్పుడు వినిపించింది. మామ బయటికి వచ్చి, "వాడు ఆడ ఏం చేస్తాండాడమ్మా?" అని అడిగాడు.

"స్ప్రింగులు చూస్తాండాడు మామా."

"కుదిరిందాన్ని కదిలియ్యొద్దని చెప్పు" అని లోపలికి పోయాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

వంటింటి గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నాతో ఆయన ఇంకా మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడతాడో తెలియదు. క్షమించమని నేను అడగలేదు. సుధాకర్ కోల్పోయిన ఆ ఏళ్లను ఎవరు క్షమిస్తే వెనక్కి వస్తాయి? కానీ చెప్పేశాను. ఊపిరి లోపలి దాకా పోతోంది. ఆకలేస్తోంది కూడా, సిగ్గు లేకుండా.

ఇప్పుడే కారు పక్కన నేల మీద పడుకునే ఫోను చేస్తున్నాడు. "రేయ్ సుధా, ఫోను పెట్టెయ్యాకురా. ఒక్క మాట ఇను" అంటున్నాడు. అవతలి మాట నాకు వినపడదు. ఆయన కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఎడమ కాలు నెమ్మదిగా ఊగుతోంది.