ముందర రూముల చెల్లె

మొన్న మా ఇల్లు చేతులకెళ్లి జారిపోబోయి ఎట్లనో ఆగింది! ముంచింది ఎవరో కాదు, నా అతితెలివే.

మాది మా మామ కాలం నుంచి ఉంటున్న కిరాయి ఇల్లు. పాత కిరాయే నడుస్తున్నది. చట్టం మా దిక్కే, ఊకెనే ఎల్లగొట్టరాదు. కని ఓనర్‌ను అడగకుండ ఇంకొకలకు రూం ఇస్తె ఆ హక్కు పాయె! గిది తెల్సి కూడ ముందర రూం సునందకు ఇచ్చిన. ముల్చేర అనే ఊరి పిల్ల, ఇక్కడ దవాఖానల నర్సు. "ఓనర్‌కు చెప్పిండ్రా అక్కా?" అంటె, "ఆ, చెప్పినం" అన్న. యాడ చెప్పిన!

శనివారం పొద్దుగాల చాయ్ పెడుతున్న. దర్వాజ కాడ ఓనర్ సేటు! బయట తీగె మీద సునంద యూనిఫాం ఆరేసి ఉన్నది.

"ఇదెవలిదమ్మా?"

"మా చెల్లెది సేటూ! నా సొంత చెల్లె. చూసిపోదామని వచ్చింది."

సేటు తలూపి కుర్చీల కూసున్నడు. చాయ్ ఇచ్చిన. గప్పుడే మా ఆయన కూరగాయల సంచితోని దిగిండు. సేటును చూసిండు, తీగె దిక్కు చూసిండు. నేను సైగ చేసేలోపే అందుకున్నడు.

"అది మా చెల్లెది సేటూ! మా చిన్నాయిన బిడ్డ."

నేను నాలిక కర్సుకున్న. సేటు మా ఇద్దర్ని మార్చి మార్చి చూసుకుంట చాయ్ ఊది తాగుతున్నడు. తిట్టినా అంత పరేషాన్ కాకపోదును!

గంతల రూములకెళ్లి సునంద వచ్చింది. "వచ్చిండ్రా సేట్‌జీ! నేను ఫోన్ల చెప్పిన పెంకులు ఇవే. వానొస్తె నీళ్లన్ని మంచం మీదనే."

నా మాట నమ్మి, ఆ పిల్ల ఓనర్‌కే ఫోన్ చేసింది! నేనెక్కడ దాక్కోవాలె?

సేటు పెంకులు చూసి వచ్చిండు. "అడిగితె నేను కాదంటుంటినా? ఉండనియ్యి పిల్లను. కని పర్మిషన్ కాయిదం రాసుకుందాం. రేపు మీకు తక్లీఫ్ వద్దు, నాకు వద్దు."

పోయిన పానం తిరిగొచ్చింది! రెండు చేతులెత్తి దండం పెట్టిన.

చెప్పులేసుకుంట సేటు ఆగిండు. "అయితె ఒక్క డౌటమ్మా. ఆ పిల్ల నీకూ చెల్లె, మీ ఆయనకూ చెల్లె. మరి మీరిద్దరు ఆలుమొగలెట్లయితరు?"

ఇల్లు నిలుపుకుందామని పోయి లగ్గమే క్యాన్సిల్ చేసుకున్న, చూడుండ్రి!